ఘనగిరి పెంచిన సరస్వతీపుత్రుడు

పుట్టపర్తి నారాయణాచార్యులవారి పేరు చెప్పగానే తెలుగువారికి మొదట స్ఫురించునది శివతాండవము. ఆ తరువాత స్ఫురించునది ఆయనకు వచ్చునని చెప్పుకొను పదునాలుగు భాషలు. ఈ రెండు మాటలు చెప్పి, పటమునకు దండ వేసి, దీపము వెలిగించి, సభ చాలించుట మనకు పరిపాటియైనది. ఇట్లు స్మరించుట సులభమే కాని ఆ మహనీయునకు న్యాయము చేసినట్లు కాదు. 1914 మార్చి 28వ తేదీన అనంతపురము జిల్లా చియ్యేడు గ్రామమున పుట్టి, 1990 సెప్టెంబరు 1వ తేదీన కన్నుమూసిన ఆయన డెబ్బదియాఱేండ్ల జీవితములో కవిత్వమున్నది, నాట్యమున్నది, సంగీతమున్నది, రంగస్థలమున్నది, చరిత్రపరిశోధన యున్నది, విమర్శ యున్నది, పరభాషలనుండి మన భాషలోనికిని మన భాషనుండి పరభాషలలోనికిని సాగిన రాకపోకలున్నవి. వీనినన్నిటిని వేఱువేఱు గదులలో సర్ది, ఒక్కొక్కదానికి ఒక్కొక్క విశేషణము తగిలించుటకు మన పండితులు చాల శ్రమించిరి. నాకు మాత్రము ఆ విద్యలన్నియు ఒక్క చోటనే మొలకెత్తినవనియు, ఆ చోటు పెనుగొండ యనియు తోచును.

బెంగుళూరునుండి ఉత్తరముగా వచ్చు రైలు హిందూపురము దాటిన తరువాత భూమి రూపము క్రమముగా మాఱిపోవును. పచ్చదనము పలుచనై, ఒకదానిపై నొకటి ఒరిగిన నల్లని గుండ్లతో నిండిన కొండలు పట్టాలకు ఇరువైపుల దగ్గఱకు వచ్చును. వేరుసెనగ చేలు, చింతతోపులు, వాన కొఱకు ఎదురుచూచు చెఱువుల కట్టలు ఒకదాని వెంట ఒకటి వెనుకకు జరిగిపోవును. ధర్మవరము చేరులోపల ఒక్క కొండ మాత్రము ప్రయాణికుని దృష్టిని తనవైపు త్రిప్పుకొని, తన వాలున నిలిచిన కోటగోడలను చూపుచుండును. అదియే పెనుగొండ, కావ్యములలోను శాసనములలోను ఘనగిరి. 1565లో రక్కసి–తంగడి రణభూమిలో అళియ రామరాయలు కూలి, హంపీ విజయనగరము పాడుపడిన పిదప, తమ్ముడు తిరుమలరాయలు మిగిలిన రాజ్యలక్ష్మిని ఈ కొండనీడకే తెచ్చి నిలిపెను. తరువాతి కాలమున రాజధాని చంద్రగిరికి తరలిపోయినది. గగనమహలు మాత్రము ఊరిలోనే మిగిలినది. మహామంత్రి తిమ్మరుసు తన తుదిదినములను ఇచ్చటి చెఱసాలలో గడపెనని జనశ్రుతి. ఊరిలో రామాలయమును శివాలయమును ప్రక్కప్రక్కనే, ఒక్క శిల్పి సంకల్పించినట్లుగా, గోడలనిండ కథాశిల్పములతో నిలిచియున్నవి. మఱికొంత దూరమున పార్శ్వనాథుని జైనాలయము, బాబయ్య దర్గా. ఇన్ని మతములు, ఇన్ని కాలములు ఒక చిన్న ఊరిలో ఇరుగుపొరుగులై కాపురముండుట అరుదు. అట్టి ఊరిలో పెరిగిన బాలునకు చరిత్రయనునది పుస్తకములోని వస్తువు కాదు. బడికి పోవు దారిలో కాలికి తగులు ఱాయి.

ఆ బాలుని వంశమునకు ఈ ఊరితో నున్న సంబంధము నిన్నమొన్నటిది కాదు. విజయనగర రాజగురువులైన తిరుమల తాతాచార్యులవారి సంతతి తమదని ఆ యింటివారు చెప్పుకొందురు. రాజ్యములు పోయిన తరువాత రాజగురువుల సంతానమును ఊరూర చెదరిపోయినది. వారిలో ఒక శాఖ చిత్రావతీ తీరమునందలి పుట్టపర్తిలో నిలువగా ఆ ఊరి పేరే ఇంటిపేరైనది. ఆ చిత్రావతియే దిగువకు సాగి ధర్మవరము పెద్దచెఱువునకు జీవమిచ్చుచున్నది. 2022లో ప్రభుత్వము పుట్టపర్తి కేంద్రముగా కొత్తజిల్లా నేర్పఱచి హిందూపురమును, పెనుగొండను, ధర్మవరమును అందులో చేర్చినది. కాని ఈ మూడు ఊళ్ల మధ్య కళాబంధుత్వము ఏ జిల్లా పటమునకంటెను పాతది.

తండ్రి శ్రీనివాసాచార్యులవారు సంస్కృతాంధ్రములలో పండితులు. తల్లి లక్ష్మీదేవి కుమారుని చిన్నతనముననే గతించినది. శ్రీవైష్ణవ గృహము కావున ద్రావిడ దివ్యప్రబంధము చెవిలో పడుచుండెను. తండ్రి వలన వ్యాస వాల్మీకులు పరిచితులైరి. వీథిలోనికి వచ్చిన తెలుగుతోపాటు కన్నడము, సంతలోనికి పోయిన దక్కనీ ఉర్దూ. నాలుగు భాషలు బాల్యమున ఏ ప్రయాసయు లేకయే వినవచ్చు చోటు మన దేశమున ఎక్కడ నున్నదని అడిగినచో, హిందూపురము–పెనుగొండల నడిమి పల్లెలలో నేటికిని ఉన్నదని చెప్పవచ్చును. ఈ ప్రాంతపు సంతలో బేరము తెలుగులో మొదలై కన్నడములో ముగియుట నేటికిని సామాన్య దృశ్యము. పుట్టపర్తివారి బహుభాషాపాండిత్యమును ఒక అద్భుతముగా చెప్పుట కంటె, ఆ గడ్డ స్వభావము ఒక మేధావియందు సంపూర్ణముగా వికసించినదని చెప్పుట సత్యమునకు దగ్గఱగా నుండును. సంస్కృతము, ప్రాకృతము, తమిళము, కన్నడము, మలయాళము, హిందీ, మరాఠీ, బెంగాలీ, ఆంగ్లము మొదలైనవి ఆయనకు స్వాధీనములు. ఒక భాష చాలునని ఆగిపోవుట ఆ ఊరి పిల్లవానికి తెలియని విద్య.

ఇక నాట్యము. పెనుగొండలో ఆ రోజులలో రంజకము మహాలక్ష్మమ్మ యను దేవదాసి యుండెను. ఆమెయొద్ద ఈ ఆచార్యకుమారుడు భరతనాట్యము నేర్చెను. ఈ మాట నేడు చదువువారికి సామాన్యముగా తోపవచ్చును. ఆ కాలమునందు అది సామాన్యము కాదు. దేవదాసీలను సంఘము ఒక చేత ఉత్సవములకు పిలుచుచు మఱియొక చేత వెలివేయుచుండిన కాలమది. నాట్యమే నీతిబాహ్యమను ఉద్యమము మద్రాసు రాజధానియందు బలపడుచుండెను. తుదకు 1947లో దేవదాసీ వ్యవస్థను నిషేధించు శాసనమును వచ్చెను. ఆ వ్యవస్థ పోవలసినదే. కాని దానితోపాటు ఆ స్త్రీలు శతాబ్దములుగా కాపాడిన విద్యకూడ అవమానముపాలయ్యెను. అట్టి రోజులలో రాజగురువుల వంశములో పుట్టి, నుదుట ఊర్ధ్వపుండ్రము ధరించు బాలుడు ఒక దేవదాసిని గురువుగా వరించి, ఆమె పాదములకు నమస్కరించి, కొయ్యదిమ్మెపై కఱ్ఱతో ఆమె వేయు తాళమునకు అడుగు కలుపుచు, తప్పిన అడుగును మరల మరల దిద్దుకొనుచు, జతులను నోటితో పలికి పిదప కాలితో పలికించుచు నిలిచిన దృశ్యమును పాఠకులు ఒక్కమాఱు భావింపవలెను. శివతాండవములోని ప్రతి పాదమునకు ఆ కొయ్యదిమ్మెయే మూలము. ఆ విద్యను ఆయన దాచుకొనలేదు. ఆమె పేరును దాచుకొనలేదు. తన్ను తీర్చిన గురువులలో ఆమెను చెప్పుకొనుటకు ఆయన వెనుదీయలేదు. ఒక మనుష్యుని సంస్కారమును కొలుచుటకు నాకు ఇంతకంటె మంచి కొలమానము కనబడదు.

మఱియొక గురువు సముద్రము దాటి వచ్చినది. పెనుగొండలో సబ్‌కలెక్టరు కచేరి యుండుటచే ఆంగ్లేయ కుటుంబములు అక్కడ నివసించుచుండెడివి. పిట్ అను అధికారి భార్య ఈ బాలుని చురుకుదనము చూచి ముచ్చటపడి, ఆంగ్లసాహిత్యమును చెప్పసాగెను. షేక్స్‌పియరు మొదలైన కవులు ఆమె మూలముననే ఆయనకు ఆప్తులైరి. పాలకుల ఇంటి ఆడుబిడ్డ పాలితుల ఇంటి పిల్లవానికి చదువు చెప్పుటలో జాతిభేదము, అధికారగర్వము ఏమయ్యెనో తెలియదు. కొన్ని యిండ్లలో విద్య వాటినన్నిటిని గడప బయటనే నిలుపగలదు. తరువాతి కాలమున ఆయన ఆంగ్లమున లీవ్స్ ఇన్ ది విండ్ అను కవితాసంపుటిని వెలయించుటకు బీజములు ఆ పెనుగొండ బంగళాలోనే పడినవి. ఒకవైపు గుడి విద్యను కాపాడిన దేవదాసి, మఱియొకవైపు దొరసాని, ఇంటిలో తండ్రి చెప్పు సంస్కృతము. ఏ విశ్వవిద్యాలయమును ఇట్టి పాఠ్యప్రణాళికను రచింపజాలదు.

నాటకముల పిచ్చియు ఆ సీమకు సహజమే. ఆంధ్రనాటకపితామహుడని పేరుగాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) బళ్లారిలో సరసవినోదినీ సభను స్థాపించి ఈ ప్రాంతములందంతట నాటకమునకు గౌరవము తెచ్చిరి. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ ఆ గౌరవమును దేశాంతరములకు చాటెను. వారి ప్రభావము చల్లారని కాలమున పెనుగొండలో పెరుగుచున్న నారాయణాచార్యులు రంగమెక్కి వేషములు కట్టెను, స్త్రీపాత్రలను ధరించెను. కంఠమున్నది, కాలిలో లయ యున్నది, ముఖమున భావమున్నది. రంగస్థలము ఈ మూడింటిని ఏకము చేసెను. పెద్దవాడైన తరువాత సభలలో ఆయన పద్యము చదువుచుండగా ప్రేక్షకులు అంత ముగ్ధులగుటకు కారణము కేవలము కవిత్వము కాదు; నటుడు, నర్తకుడు, గాయకుడు, కవి నలువురును ఒక్క శరీరమున నిలిచి మాటలాడుచుండిరి.

పండ్రెండేండ్ల ప్రాయమున ఆయన పెనుగొండలక్ష్మి యను కావ్యమును రచించెను. ఆ వయసున పద్యము కట్టు పిల్లలు ఆ రోజులలో లేకపోలేదు. కాని శిథిలమైన రాజధానిని కావ్యనాయికగా నిలిపి, దాని వైభవమును తలచి గర్వించి, దాని దుర్దశను చూచి శోకించు ప్రౌఢి పండ్రెండేండ్లవానికి ఎట్లబ్బినదని ఆశ్చర్యపడువారికి నా సమాధానమొకటే. ఆ కాలమున మన కవులు పలువురు హంపీకి యాత్ర పోయి, ఱాళ్లను చూచి, కన్నీరు నించి తిరిగివచ్చుచుండిరి. ఈ బాలుడు ఎచ్చటికిని పోలేదు. ఆయన ఱాళ్లమధ్యనే ఆడుకొనెను, గగనమహలు నీడలోనే పద్యములు వల్లించెను. యాత్రికుని శోకమునకును ఇంటివాని శోకమునకును గల భేదమే పెనుగొండలక్ష్మికి గల ప్రత్యేకత. ఇంచుమించు ఆ సంవత్సరములలోనే, 1928లో, నంద్యాలలో జరిగిన సభలో దత్తమండలమను దాస్యపు పేరును తొలగించి రాయలసీమ యని ఈ ప్రాంతమునకు నామకరణము జరిగినది. 1800లో నిజాము చేతినుండి కుంపిణీవారి చేతిలో పడిన నాటినుండి పేరులోనే పరాధీనతను మోసిన ప్రజలు తమ పూర్వవైభవమును తలచుకొని పేరు మార్చుకొనుచుండగా, అదే వైభవమును తలచుకొని ఒక పిల్లవాడు పెనుగొండలో కావ్యము వ్రాసియుండుట యాదృచ్ఛికము కాదు. సీమ మేల్కొనుచుండెను, ఆ మేలుకొలుపు ఒక పసిగొంతులోను పలికినది.

ఆ కావ్యమునకు తరువాత పట్టిన భాగ్యము తెలుగు సాహిత్యమున మఱియే కావ్యమునకును పట్టియుండదు. నారాయణాచార్యులవారు విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ పరీక్షకు నిర్ణయించిన పాఠ్యగ్రంథములలో పెనుగొండలక్ష్మియు నుండెను. తాను వ్రాసిన పుస్తకమునుగూర్చి తానే పరీక్ష వ్రాయవలసివచ్చిన కవి ఆయన. దానిపై అడిగిన ఒక చిన్నప్రశ్నకు పుటలకొలది వ్రాయుచు పోయి, తక్కిన ప్రశ్నలకు వేళ చాలక ఆ యేడు పరీక్ష పోగొట్టుకొనిరని సీమలోని సాహిత్యప్రియులు నేటికిని చెప్పుకొందురు. తన ఊరినిగూర్చి అడిగినప్పుడు కొద్దిగా చెప్పి ఊరకుండుట ఆయనకు చేతకాని పని యనుట ఆ కథ తెలుపు విషయము. దానిని నమ్ముట నాకు కష్టముగా లేదు.

తిరుపతిలో చదువు, ప్రొద్దుటూరు కడపలలో ఉపాధ్యాయవృత్తి, తిరువనంతపురమున నిఘంటు నిర్మాణకార్యము, హిమాలయముల వఱకు సాగిన సంచారము, వీనినన్నిటిని వరుసగా చెప్పుకొనిపోవుట ఇచ్చట నా ఉద్దేశము కాదు. కేరళమున గడపిన కాలముయొక్క ఫలముగా విశ్వనాథ సత్యనారాయణగారి ఏకవీరను ఆయన మలయాళమునకు అనువదించిరని మాత్రము చెప్పవలెను. తెలుగువారు ఇతరుల పుస్తకములను తెచ్చుకొనుటలో ఉదారులు. తమ పుస్తకమును ఇతరుల చేతిలో పెట్టుటకు కావలసిన పరభాషాధికారము గలవారు మనలో కొలదిమంది. పరభాషలో చదువరిగా నుండుట ఒక మెట్టు. ఆ భాషవారు మెచ్చునట్లు వ్రాయుట వేఱొక మెట్టు. ఆ రెండవ మెట్టుపై ఆయన సంస్కృతమున శివకర్ణామృతముతోను, ఆంగ్లమున కవితలతోను, మలయాళమున ఈ అనువాదముతోను నిలిచిరి.

శివతాండవము ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయ ప్రాంగణమున రూపుదిద్దుకొన్నది. ఊరు ప్రొద్దుటూరైనను, ఆ కావ్యమునకు పునాది మాత్రము పెనుగొండయే. మొదట శివుని తాండవము, పిదప పార్వతి లాస్యము. ఒకదానియందు గంభీరమైన సంయుక్తాక్షరములు, మఱియొకదానియందు తెలుగుమాటల మెత్తదనము. తాండవము చదువునప్పుడు నాలుక మద్దెలమీద చేయివలె పనిచేయును. ఒక పాదమున గజ్జె మ్రోగును, మఱుపాదమున జటలు చెదరును. అర్థము తెలియని పిల్లవానికిని అడుగు తెలియును. దీనిని కంటితో మౌనముగా చదువువారు సగమే చదివినట్లు. లాస్యభాగమునకు వచ్చునప్పటికి ఆ వేగము అణగి, పదములు పొట్టివై, కన్నులును కనుబొమలును మాటలాడసాగును. తాండవలాస్యముల భేదమును లక్షణగ్రంథములలో చదివినవాడు ఇట్లు వ్రాయలేడు. రెండింటిని తన శరీరముపై మోసినవాడే వ్రాయగలడు. సభలకు పిలిచిన ప్రతి ఊరివారును శివతాండవమును ఆయన నోటనే వినగోరెడివారు. ఆయనయు చదివి, పాడి, అభినయించి వారిని తృప్తులను చేసెడివారు.

హిందూపురమునకు సుమారు పదునైదు కిలోమీటర్ల దూరమున లేపాక్షి యున్నది. అచ్యుతరాయల కాలమున విరుపణ్ణ నిర్మింపజేసిన వీరభద్రాలయములోని నాట్యమండపమున నిలిచి చూచినవారికి నా మాట మఱింత స్పష్టమగును. అందు ఒక స్తంభమున బ్రహ్మ మద్దెల వాయించుచున్నాడు. ఒక స్తంభమున తుంబురుడు. రంభ అడుగు వేయుచున్నది. మూడు కాళ్ల భృంగి నాట్యాచార్యుడై ఆమెకు గతి నేర్పుచున్నాడు. నటరాజు వారిలో నొకడై నిలిచినాడు. శిల్పి ఇచ్చట ఒక్క విగ్రహమును చెక్కలేదు, ఒక కచేరీని చెక్కినాడు. వాద్యమొకరిది, తాళమొకరిది, అడుగొకరిది. అన్నియు కలిసి ఒకే లయ. భృంగి మూడవకాలు ఎందులకని అడుగు పిల్లలకు స్థలపురాణము చెప్పువారు వేఱు సమాధానము చెప్పుదురు; నాకు మాత్రము ఆ కాలు రెండు పాదములకు చాలని లయకై శిల్పి యొసగిన కానుకగా కనబడును. శివతాండవమును చదివి లేపాక్షికి పోయినవారు ఆ ఱాతిమండపమున పరిచితమైన కావ్యమునే చూతురు. లేపాక్షిని చూచి శివతాండవమును విప్పినవారు పరిచితమైన మండపమునే విందురు. శ్రీవైష్ణవుడై పుట్టి శివుని ఇంత తన్మయత్వముతో పాడుట యెట్లని కొందఱడుగుదురు. రామాలయ శివాలయములు ఒకే ప్రాంగణపు ఇరుగుపొరుగులుగా నున్న పెనుగొండ పిల్లవానికి ఆ ప్రశ్నయే పుట్టదు.

ఆయన జీవితము ప్రశాంతముగా సాగినదని చెప్పుటకు వీలులేదు. స్వభావములో అశాంతి యుండెను, ఆత్మాభిమానము అధికముగా నుండెను, సంపాదన అల్పముగా నుండెను. కుదిరిన ఉద్యోగమును వదలి దూరప్రాంతములకు పోయిన సందర్భములు కలవు. ఒక దశలో అగ్నివీణ, మేఘదూతము వంటి రచనలలో పీడితుల పక్షమున నిలిచిరి. కాళిదాసు యక్షుని స్థానమున చెఱసాలలోని ఖైదీని నిలిపి మేఘముచేత సందేశము పంపించిరి. మఱియొక దశలో భక్తియు, యోగసాధనయు ఆయనను హిమాలయములకు నడిపించినవి. హృషీకేశమున స్వామి శివానందులు ఆయనకు సరస్వతీపుత్ర యను బిరుదు నొసగిరి. లోకము తరువాత ఇచ్చిన సన్మానములు అనేకములు; 1972లో పద్మశ్రీయు వచ్చినది, 1979లో జనప్రియరామాయణమునకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారమును వచ్చినది; కాని తెలుగునాట ఆయన పేరుతో కలిసిపోయిన బిరుదు ఆ హిమాలయపు సన్న్యాసి ఇచ్చినదే.

ఇట్టి మనుష్యుడు ఇంటిపెద్దగా నుండుట ఇంటివారికి వరమును పరీక్షయు నగును. అర్ధాంగి కనకమ్మగారు స్వయముగా విదుషి, కవయిత్రి. ఈ మాట మన సభలలో చివర నెక్కడనో వినబడును. నేను దానిని మొదట చెప్పవలసిన మాటగా తలచుచున్నాను. భర్త పర్వతములకు పోయినను, పరదేశములకు పోయినను, ఇంటిలో పొయ్యి ఆరకుండ, పిల్లల చదువు ఆగకుండ, వచ్చిన శిష్యులకు విస్తరి లేదనకుండ కాపురమును నిలిపి, ఆ పనుల నడుమనే సంస్కృతకావ్యములను పరిశీలించి, తానును పద్యము వ్రాసిన గృహిణి ఆమె. ఆమె పద్యములు ప్రత్యేకముగా చర్చింపబడుట ఇంకను జరుగవలసిన పని. పిల్లలు తండ్రిని అయ్య యని పిలిచెడివారు. కుమార్తెలలో నాగపద్మినిగారు రచయిత్రియై, తండ్రి జీవితమును సాహిత్యమును కొత్తతరమునకు అందించుటకై పాటుపడుచున్నారు. గొప్పవారి పిల్లలు తండ్రి పేరును మాత్రము మోయుట చూచుచున్నాము. తండ్రి విద్యను మోయువారు తక్కువ.

ఈ సీమలో కళ యెల్లప్పుడు కుటుంబములలోనే బ్రదికినది. ధర్మవరమున పట్టుచీర ఒక్క మనుష్యుడు నేయునది కాదు. ఇంటిలో ఒకరు కండెలు చుట్టుదురు, ఒకరు అచ్చు అతుకుదురు, ఒకరు మగ్గపుగుంటలో కూర్చుందురు, ముసలివారు చూపు మందగించినను రంగు కలిసినదో లేదో చేతితో తాకి చెప్పుదురు. ధర్మవరమునకు సమీపమునందలి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబములున్నవి. మేకతోలును నానబెట్టి, గీరి, ఆరబెట్టి, రూపు గీచి, ఉలితో చిల్లులు పొడిచి, రంగులద్ది బొమ్మను చేయువారును, రాత్రివేళ తెరవెనుక నిలిచి ఆ బొమ్మను ఆడించుచు రామాయణము పాడువారును ఒక్క యింటివారే. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ గౌరవము ఒక్కనికి గాక వంశమంతటికిని వచ్చినదని అచ్చటివారు భావించిరనిన ఆశ్చర్యము లేదు. పెద్దవాడు చేయుచుండగా చిన్నవాడు చూచును. చూచి చూచి ఒకనాడు తాను చేయును. పుట్టపర్తివారును ఆ కోవలోని పెద్దయే; వారి మగ్గము భాష, వారి తెర సభ, వారి కుటుంబము మాత్రము రాయలసీమయంత విశాలము. వారి శిష్యులలో బంధువులకంటె బంధువులైనవారు ఊరూరను ఉండిరి.

జనప్రియరామాయణమును గూర్చి ఒక్కమాట. పండితుడు ప్రౌఢముగా వ్రాయుట సులభము. సుబోధముగా వ్రాయుట కష్టము. దీర్ఘసమాసములను అవలీలగా కట్టగల చేయి, తన ప్రౌఢత్వమును ప్రక్కకు పెట్టి, పాడుకొనుటకు అనువైన మాత్రాఛందస్సున రామకథను జనసామాన్యమునకు చెప్పబూనుట వాత్సల్యమునకు గుర్తు. మనుమలకు కథ చెప్పు తాత గొంతు తగ్గించి, మాట తేలికచేసి చెప్పును. ఆ రామాయణమున నాకు ఆ గొంతు వినవచ్చును. ఇక విజయనగరమునుగూర్చిన ఆయన వ్యాసములు, ముఖ్యముగా రాయలనాటి రసికతా జీవనము, నేటి చరిత్రవిద్యార్థులు తప్పక చదువదగినవి. రాజుల తేదీలకంటె ప్రజల తీరుతెన్నులపై, వారి ఆటపాటలు, అలంకారములు, ఉత్సవములపై ఆయనకు మక్కువ. ఒక ఊరిని ప్రేమించినవానికి ఆ ఊరి రాజు ఏమి జయించెనో తెలిసిన చాలదు, ఆ ఊరి జనము ఏమి పాడిరో తెలియవలెను. పండ్రెండేండ్ల వయసున పద్యములో మొదలుపెట్టిన ఆ విచారణను ఆయన నెఱసిన తలతో వచనమున కొనసాగించిరి.

ఇంత చెప్పిన తరువాత పాఠకులకు ఒక విజ్ఞప్తి. ప్రతి సంవత్సరము మార్చి 28వ తేదీన ఆయన జయంతిసభలు జరుగుచున్నవి, శివతాండవము పఠింపబడుచున్నది, అది జరుగవలసినదే. దానితోపాటు హిందూపురము, ధర్మవరము, పెనుగొండలలోని పాఠశాలల ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఆనాడు పెనుగొండకు తీసికొనిపోయి, గగనమహలు ముంగిట కూర్చుండబెట్టి, పెనుగొండలక్ష్మిని ఆ పిల్లలచేతనే పెద్దగా చదివింపవలెనని నా ప్రార్థన. వారిలో పండ్రెండేండ్లవారు ఎందఱో యుందురు. తమ వయసువాడు, తమ ఊరివాడు, తాము కూర్చున్న ఱాళ్లను చూచియే ఆ పద్యములు కట్టెనని వారికి చెప్పుడు. రంజకము మహాలక్ష్మమ్మ పేరును, కనకమ్మగారి పేరునుకూడ చెప్పుట మఱువకుడు. పుస్తకము దొరకలేదన్న సాకు రాకుండ, ఆయన రచనల ప్రతులను ఈ మూడు ఊళ్ల గ్రంథాలయములలోను అందుబాటులో నుంచుట స్థానిక సంస్థల కర్తవ్యము. ఉంచునట్లు అడుగుట మన కర్తవ్యము.